పాలకవర్గం ఎవరికి జవాబుదారీ? - ఓపెన్ఏఐ కంపెనీ తగాదా

తడ, సూళ్లూరుపేట ప్రాంతపు సంఘాలకు తనిఖీకి వెళ్లినపుడు ఈ మధ్య ఒక ప్రశ్న తరచు ఎదురవుతున్నది. సభ్యుల పిల్లలు శ్రీసిటీలోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేస్తూ, ఏది అడిగినా జవాబు చెప్పే చాట్‌జీపీటీని సెల్‌ఫోనులో ఇంట్లోవాళ్లకు చూపిస్తున్నారు. దానిని తయారుచేసిన కంపెనీలో పెద్దను బోర్డువారు ఉన్నపళాన తీసివేశారనీ, ఐదు రోజులకే ఆయన తిరిగివచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడనీ, తీసివేసినవారే బయటికి పోయారనీ కూడ చెబుతున్నారు. "బోర్డు తీర్మానం చేసి తీసేసిన మనిషి మళ్లీ ఎట్లా వచ్చాడండీ?" అని సభ్యులు మమ్మల్ని అడుగుతున్నారు. సహకార సంఘంలో మెలగినవారికి రావలసిన ప్రశ్నే ఇది. అందుచేత ఆ సంగతి కొంత వివరంగా వ్రాస్తున్నాము.

కంపెనీ పేరు ఓపెన్ఏఐ. ఊరు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో. 2015 డిసెంబరులో శామ్ ఆల్ట్‌మన్, ఎలాన్ మస్క్, గ్రెగ్ బ్రాక్‌మన్, ఇల్యా సుత్స్‌కేవర్ మొదలైనవారు దీనిని లాభాపేక్ష లేని సంస్థగా స్థాపించారు. మనిషిలా ఆలోచించగల యంత్రం, అనగా కృత్రిమ మేధ, ఏ ఒక్కరి సొత్తూ కాకుండా మానవులందరికీ మేలు చేయాలన్నది వారు చెప్పుకున్న ఆశయం. మస్క్ 2018లో బోర్డు నుండి తప్పుకున్నాడు.

ఆశయం గొప్పదే గాని ఆ యంత్రాలు నడవాలంటే వేల కోట్లు కావాలి. చందాలతో అది జరిగే పని కాదు. అందుచేత 2019లో లాభాపేక్ష లేని సంస్థను పైన ఉంచి, దాని కింద వ్యాపారం చేసే కంపెనీని పెట్టారు. సొమ్ము పెట్టినవారికి లాభం ఇస్తారు, కాని దానికి ఒక హద్దు ఉంటుంది. మొదటి విడత పెట్టినవారికి పెట్టినదానికి 100 రెట్ల వరకే. ఆ ఏడే మైక్రోసాఫ్ట్ కంపెనీ 100 కోట్ల డాలర్లు పెట్టింది. తరువాత పెట్టినదీ, పెడతామన్నదీ కలిపి 1,300 కోట్ల డాలర్లన్నారు. మన లెక్కలో లక్ష కోట్ల రూపాయలు దాటిన మాట. ఇంత పెట్టినా మైక్రోసాఫ్ట్‌కు బోర్డులో ఒక్క కుర్చీ లేదు, ఒక్క ఓటు లేదు. కింది కంపెనీని కూడ పైనున్న సంస్థ బోర్డే శాసించాలన్నది ఏర్పాటు.

ఇక్కడ సభ్యులు ఒక విషయం గమనించాలి. ఆ బోర్డును ఎన్నుకునేవారు ఎవరూ లేరు. మన సంఘంలో పూటకు రెండు లీటర్లు పోసే ఆమెకూ, ఇరవై లీటర్లు పోసే ఆసామికీ ఒక్కొక్క ఓటు. కంపెనీలో అయితే వాటాలను బట్టి ఓట్లు. అక్కడ ఈ రెండు పద్ధతులూ లేవు. ఉన్న డైరెక్టర్లే కొత్త డైరెక్టర్లను చేర్చుకుంటారు. గుడికి ధర్మకర్తలు ఉండి, తమ తరువాతి ధర్మకర్తలను తామే ఏర్పాటు చేసుకున్నట్లు. వారు జవాబు చెప్పుకోవలసినది మానవజాతికి. మానవజాతి మినిట్స్ పుస్తకం చూపించమని అడగదు గదా!

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ బయటికి వచ్చి లోకమంతా పాకింది. మరుసటి సంవత్సరంలో ముగ్గురు డైరెక్టర్లు వేర్వేరు కారణాలతో వెళ్లిపోగా ఆరుగురు మిగిలారు. ముఖ్య కార్యనిర్వాహకుడు ఆల్ట్‌మన్, బోర్డు అధ్యక్షుడు బ్రాక్‌మన్, శాస్త్రవేత్త సుత్స్‌కేవర్ లోపలివారు. ఆడమ్ డిఏంజెలో, తాషా మెకాలే, హెలెన్ టోనర్ బయటివారు. ఖాళీ అయిన స్థానాలు నింపలేదు. ఖాళీలు అట్లాగే వదిలేసిన కమిటీలో తగాదా పుడితే ఒక్క మనిషి అటు జరిగినా ఇటు జరిగినా తీర్పు మారిపోతుంది. అక్కడ జరిగింది సరిగా అదే.

2023 నవంబరు 17, శుక్రవారం. అక్కడ మధ్యాహ్నం వేళ, మనకు శనివారం తెల్లవారుజాము. ముందురోజు రాత్రి సుత్స్‌కేవర్ పంపిన కబురు మేరకు ఆల్ట్‌మన్ వీడియో సమావేశానికి వచ్చాడు. బ్రాక్‌మన్ తప్ప బోర్డు అంతా అందులో ఉంది. నిన్ను తీసివేస్తున్నామని చెప్పారు. అధ్యక్ష స్థానంలో ఉన్న బ్రాక్‌మన్‌ను ఆ సమావేశానికి పిలవనే లేదు. తరువాత పిలిచి, అధ్యక్ష పదవి నుండి నిన్నూ తొలగించామన్నారు. ఆయన ఆ రోజే రాజీనామా చేశాడు. ఆరుగురిలో నలుగురు ఒకవైపు, కనుక లెక్క ప్రకారం మెజారిటీ ఉంది. బోర్డుతో మాట్లాడే విషయాల్లో ఆల్ట్‌మన్ నిలకడగా దాపరికం లేకుండా ఉండలేదనీ, అందుచేత ఆయనపై నమ్మకం పోయిందనీ ప్రకటనలో వ్రాశారు. ఏ విషయం దాచాడు, ఎప్పుడు దాచాడు అన్నది ఒక్క ముక్క లేదు. లక్ష కోట్లు పెట్టిన మైక్రోసాఫ్ట్‌కు ఈ సంగతి ప్రకటనకు కొద్ది నిమిషాల ముందు తెలిసింది.

అసలు కారణాలు లేకపోలేదు. అవి చాలా ఆలస్యంగా బయటపడ్డాయి. చాట్‌జీపీటీ విడుదల సంగతి బోర్డుకు ముందుగా తెలియదనీ, ట్విట్టరులో చూసి తెలుసుకున్నామనీ టోనర్ 2024 మేలో చెప్పింది. కంపెనీ పేరుతో నడిచే ఒక పెట్టుబడి నిధి ఆల్ట్‌మన్ సొంత పేరున ఉన్నదన్న విషయం కూడ తమకు చెప్పలేదన్నది. తాను వ్రాసిన ఒక వ్యాసం నచ్చక తనను బోర్డు నుండి పంపించే ప్రయత్నం జరిగిందన్నది. ఇవన్నీ ఆమె వైపు మాటలు. నిజమైతే చిన్న విషయాలు కావు. మన మాటల్లో చెప్పాలంటే, కార్యదర్శి కొత్త కూలింగ్ యూనిట్ ప్రారంభించిన సంగతి పాలకవర్గం పత్రికలో చదివి తెలుసుకున్నట్లు. అట్టి కార్యదర్శిని నిలదీయవలసిందే. కాని ఈ మాటలు ఆ శుక్రవారమే చెప్పి ఉంటే కథ వేరుగా నడిచేదేమో. ఆరు నెలల తరువాత చెబితే విన్నవారు విన్నారు, అంతే.

ఈ గొడవ మధ్యలోకి మన తెలుగువాడు వచ్చాడు. మైక్రోసాఫ్ట్‌ను నడిపే సత్య నాదెళ్ల 1967లో హైదరాబాదులో పుట్టినవాడు. తండ్రి బి.ఎన్. యుగంధర్ గారు ఐ.ఎ.ఎస్. అధికారి, అనంతపురం జిల్లా బుక్కాపురం వారు, కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసినవారు. ఆ పేరు మా తరం ఉద్యోగులకు బాగా తెలుసు. కుమారుడు చేసిన పని చూడండి. బోర్డులో ఓటు లేదు కనుక ఓటు సంగతి పక్కన పెట్టాడు. ఆదివారం రాత్రి ఓపెన్ఏఐ బోర్డు ఎమ్మెట్ షియర్ అనే మరొకరిని తాత్కాలికంగా నియమించింది. అంతకుముందు రెండు రోజులు మీరా మురాటి అనే ఆమె ఆ స్థానంలో ఉన్నది. గంటలు తిరగకుండానే, ఆల్ట్‌మన్, బ్రాక్‌మన్ ఇద్దరూ తమ దగ్గర కొత్త విభాగం పెట్టి నడుపుతారని నాదెళ్ల ప్రకటించాడు. వారి వెంట వచ్చేవారికి కూడ చోటున్నదని కబురు వెళ్లింది.

సోమవారం ఓపెన్ఏఐ ఉద్యోగులు బోర్డుకు లేఖ వ్రాశారు. మీరంతా రాజీనామా చేయండి, ఆల్ట్‌మన్‌ను తిరిగి పిలవండి, లేకుంటే మేము మైక్రోసాఫ్ట్‌కు పోగలము అని దాని సారాంశం. సుమారు 770 మందిలో 700 పైచిలుకు సంతకాలు చేశారు. కంపెనీ మూతబడినా అది మన ఆశయానికి విరుద్ధం కాదని బోర్డువారు అన్నట్లు ఆ లేఖలో ఉంది. వింతల్లో వింత, తీసివేతకు ఓటు వేసిన సుత్స్‌కేవర్ కూడ ఆ లేఖపై సంతకం పెట్టి, తాను చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నానని బహిరంగంగా చెప్పాడు. అందరూ అభిమానంతోనే సంతకం పెట్టారని మేము అనుకోము. ఉద్యోగులు తమ వాటాలు అమ్ముకునే ఒక పెద్ద బేరం అప్పుడే కుదిరే దశలో ఉన్నది. కంపెనీ విలువ 8,600 కోట్ల డాలర్లుగా కట్టిన బేరం. కంపెనీ చెదిరిపోతే అది పోతుంది. ఇంటి లెక్కలు ఎవరికైనా ఉంటాయి.

మంగళవారం రాత్రికి రాజీ కుదిరింది. ఆల్ట్‌మన్ తిరిగి వచ్చాడు. టోనర్, మెకాలే బోర్డు నుండి వెళ్లిపోయారు, సుత్స్‌కేవర్ స్థానం పోయింది. పాతవారిలో డిఏంజెలో ఒక్కడే మిగిలాడు. బ్రెట్ టేలర్ అధ్యక్షుడుగా, లారీ సమ్మర్స్ సభ్యుడుగా కొత్త బోర్డు వచ్చింది. మైక్రోసాఫ్ట్‌కు ఓటు లేని పరిశీలకుని స్థానం ఇచ్చారు. 2024 జూలైలో ఆ కంపెనీయే దానిని వదులుకున్నది.

ఇక సభ్యులు అడిగిన ప్రశ్నకు వద్దాము. తీసివేసే అధికారం ఆ బోర్డుకు ఉన్నదా? నియమావళి ప్రకారం ఉన్నది. మరి ఎందుకు నిలవలేదు? వారి తీర్మానాన్ని సమర్థించడానికి వెనుక ఎవరూ లేరు. వారిని ఎన్నుకున్నవారు ఉంటే, వారి ముందు నిలబడి కారణాలు చెప్పేవారు. ఒప్పుకుంటే బోర్డు నిలిచేది, ఒప్పుకోకపోతే ఆల్ట్‌మన్ సక్రమంగా తిరిగివచ్చేవాడు. అట్టి సభ లేనందున, ఓటు లేనివారు కాళ్లతో ఓటు వేశారు. అంటే లేచి వెళ్లిపోతామన్నారు.

ఇది మన సంఘాల్లో జరగనిదేమీ కాదు. పులికాటు ఒడ్డున ఒక సంఘంలో కొన్నేళ్ల కిందట కమిటీలో ఎక్కువమంది ఒక సాయంత్రం కూడి, అప్పటికప్పుడు అధ్యక్షుణ్ణి దించేశామన్నారు. నోటీసు లేదు. మినిట్స్ పుస్తకంలో "విశ్వాసం కోల్పోయినందున" అని ఒకటిన్నర పంక్తి. నిజానికి ఆయన మీద పాల బిల్లుల విషయమై ఫిర్యాదులున్నాయి, వాటిలో పస కూడ ఉన్నది. కాని అవి ఎక్కడా వ్రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. మరునాటి ఉదయం ఆయన బంధువులు, స్నేహితులు తమ క్యానులను ప్రయివేటు డెయిరీ వ్యానుకు ఎత్తారు. మనది సరిహద్దు ప్రాంతం, తడ దాటితే ఆరంబాకం, పాలు కొనేవారికి కొదువ లేదు. వారం తిరిగేసరికి సంఘానికి వచ్చే పాలు సగానికి పడిపోయాయి. కమిటీ దిగివచ్చింది. ఆయన తిరిగి కుర్చీ ఎక్కాడు. బిల్లుల ఫిర్యాదులు మాత్రం ఎటూ తేలకుండా ఉండిపోయాయి. ఆ సంఘం నష్టపోయింది అక్కడే.

1964 సహకార చట్టం అధ్యక్షునిపై అవిశ్వాసానికి 34-ఎ సెక్షనులో పద్ధతి ఏర్పరచింది. వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అందుకోసమే సమావేశం పెట్టాలి. ఇది జాప్యం అని విసుక్కునేవారున్నారు. ఆ వ్యవధిలోనే ఫిర్యాదేమిటో ఊరంతా తెలుస్తుంది, అవతలివాడు జవాబు చెప్పుకుంటాడు. లెక్కలపై అనుమానం ఉంటే 51వ సెక్షను కింద విచారణ కోరవచ్చు. 1995 చట్టం కింద నమోదైన సంఘాలు తమ బైలా తీసి చూసుకోవాలి.

మన పాడిరంగంలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. పాల వెల్లువ తెచ్చిన వర్గీస్ కురియన్ గారు 1973 నుండి గుజరాత్ పాల సహకార సమాఖ్యకు, అనగా అమూల్ పేరుతో సరుకు అమ్మే సమాఖ్యకు, అధ్యక్షులు. చివరి రోజుల్లో జిల్లా యూనియన్ల అధ్యక్షుల్లో ఎక్కువమంది ఆయనకు ఎదురు తిరిగారు. 2006 మార్చిలో ఆయన రాజీనామా చేశారు. అంతటి మనిషిని అట్లా పంపడం మాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయమే. కాని పంపినవారు పాలు పోసే సభ్యుల ఓటుతో మెట్టు మెట్టుగా పైకి వచ్చినవారు. అందుచేత సమాఖ్య చెదరలేదు, పాల సేకరణ ఆగలేదు.

దీనికి అవతలి కొస కూడ మన తెలుగువారు చూశారు. హైదరాబాదు సత్యం కంపెనీలో 2008 డిసెంబరు 16న, స్థాపకుని కుటుంబం కంపెనీలైన మేటాస్ రెండింటినీ 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు ఒప్పుకుంది. వాటాదారులు గగ్గోలు పెట్టగా గంటల్లో రద్దు చేసుకున్నది. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలు తప్పుడువని తానే వ్రాసి ఇచ్చేవరకు ఆ బోర్డు గట్టిగా ఒక్క ప్రశ్న వేసి నిలదీసిన జాడ లేదు. అప్పుడు ప్రభుత్వం దిగి, పాత బోర్డును తప్పించి కొత్తవారిని నియమించవలసి వచ్చింది. ఆ బోర్డు అడగవలసినది అడగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డు అడిగింది గాని, అడిగినదేమిటో బయట చెప్పలేదు.

ఓపెన్ఏఐ కొత్త బోర్డు ఒక న్యాయవాద సంస్థతో విచారణ జరిపించింది. 30,000కు పైగా కాగితాలు చూశారట. పాత బోర్డుకూ ఆల్ట్‌మన్‌కూ మధ్య నమ్మకం చెడిందనీ, అది యంత్రాల భద్రత గురించో డబ్బు గురించో వచ్చిన ఆందోళన కాదనీ, తీసివేయవలసినంత తప్పు జరగలేదనీ 2024 మార్చి 8న సారాంశం ప్రకటించి, ఆయనను తిరిగి బోర్డులోకి తీసుకున్నారు. పూర్తి నివేదిక మాత్రం బయటపెట్టలేదు. సుత్స్‌కేవర్ అదే ఏడు మేలో, మురాటి సెప్టెంబరులో కంపెనీ వదిలి వెళ్లారు.

2025 అక్టోబరులో ఏర్పాటు మళ్లీ మార్చారు. లాభాల హద్దు తీసివేసి మామూలు వాటాల కంపెనీగా చేశారు. లాభాపేక్ష లేని సంస్థకు ఫౌండేషన్ అని పేరు పెట్టి సుమారు 26 శాతం వాటా ఇచ్చారు, మైక్రోసాఫ్ట్‌కు సుమారు 27 శాతం వచ్చింది. కంపెనీ డైరెక్టర్లను నియమించే అధికారం ఫౌండేషన్ బోర్డు చేతిలోనే ఉంచారు. ఆ ఫౌండేషన్ బోర్డును ఎన్నుకునే సర్వసభ్య సమావేశం అంటూ ఒకటి అప్పుడు కూడ ఏర్పడలేదు.