చూపు పరీక్ష: ఏ చార్టు ఎవరికి?

ఊరిలో కంటి శిబిరం జరుగుతుందని తెలిసినా కొందరు పెద్దలు రావడానికి వెనుకాడతారు. “మాకు చదువు రాదు గదా, ఆ అక్షరాలు ఎట్లా చదువుతాం?” అంటారు. మరికొందరు పరీక్ష చేయించుకుంటారు గాని, చీటీలో 6/18 అని వ్రాసి ఉంటే దాని అర్థం ఏమిటో అడగరు. ఈ రెండూ నష్టమే. గోడకు వ్రేలాడే ఆ చార్టు మన చదువును కాదు, మన కంటిని పరీక్షిస్తుంది. అయితే చార్టులన్నీ ఒకే రకం కావు. ఎవరికి ఏది తగినదో ప్రతి కుటుంబంలోను కొంత తెలిసి ఉండాలి.

అందరికీ తెలిసిన చార్టు

పైన ఒక పెద్ద అక్షరం, క్రిందికి వచ్చేకొద్దీ చిన్నవయ్యే వరుసలు గల చార్టును నెదర్లాండ్స్ దేశపు కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో ప్రచురించాడు. నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. దీనిని 6 మీటర్ల దూరం, అనగా సుమారు 20 అడుగుల నుండి చూడాలి. గది చిన్నదైతే ఎదుట అద్దం పెట్టి ఆ దూరం సరిచేస్తారు.

6/18 అంటే, మంచి చూపు గలవారు 18 మీటర్ల నుండి పోల్చుకోగల అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తే గాని పోల్చుకోలేదని అర్థం. 6/6 వరుసలోని అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్ల లోపే. పై అక్షరం కూడా కనబడనివారిని చార్టుకు దగ్గరగా నడిపిస్తారు. 3 మీటర్ల దగ్గర అది కనబడితే 3/60 అని వ్రాస్తారు.

ఈ చార్టుతో పని త్వరగా ముగుస్తుంది. కాని రెండు లోపాలున్నాయి. మొదటిది, మెట్లు సమానంగా లేవు. 6/60 నుండి 6/36కు వచ్చేసరికి అక్షరం నూటికి 40 పాళ్లు తగ్గుతుంది; 6/24 నుండి 6/18కి 25 పాళ్లే తగ్గుతుంది. రెండవది, పై వరుసలో ఒకే అక్షరం, క్రింది వరుసలలో ఎన్నో అక్షరాలు. గనుక చూపు బాగా తగ్గినవారిలో కొద్దిపాటి మార్పు ఈ చార్టుకు చిక్కకపోవచ్చు. శుక్లం ముదురుతున్నా చీటీలో పాత అంకెయే ఉండవచ్చు.

సమానమైన మెట్ల చార్టు

ఈ లోపాలు సరిచేయడానికి ఆస్ట్రేలియాలో ఇయాన్ బెయిలీ, జాన్ లోవీ అనే ఇద్దరు 1976లో కొత్త చార్టును రూపొందించారు. దీనిని లాగ్‌మార్ చార్టు అంటారు. ఇందులో ప్రతి వరుసకూ అయిదే అక్షరాలు. ప్రతి వరుస పైదానికంటె సుమారు నూటికి 20 పాళ్లు చిన్నది. మూడు వరుసలు దిగితే అక్షరం సగమవుతుంది. చదివిన ప్రతి అక్షరానికీ లెక్క ఉంటుంది గనుక రెండు మూడు అక్షరాల తేడా కూడా బయటపడుతుంది. మధుమేహం వలన కంటి వెనుక పొర దెబ్బతిన్నవారి చికిత్సలో, పరిశోధనలలో ఈ రకం చార్టునే నమ్ముతారు.

దీని అంకెలు మాత్రం తలక్రిందులుగా తోస్తాయి. ఇక్కడ 0 అంటే 6/6, 1 అంటే 6/60. అంకె పెరిగితే చూపు తగ్గినట్లు. సమయం ఎక్కువ పడుతుంది గనుక రద్దీగా ఉండే ఆసుపత్రులలో అందరికీ దీనిని వాడలేరు.

అక్షరాలు రానివారికి

ఇంగ్లీషు రానివారికి తెలుగు అక్షరాల చార్టులున్నాయి. ఏ అక్షరమూ రానివారికి మూడు గీతలు ఒక ప్రక్కకు చాచిన గుర్తు గల చార్టు ఉంది. ఆ గీతలు పైకా, క్రిందికా, కుడికా, ఎడమకా అన్నది చేతితో చూపితే చాలు. తెగిన గాజు వంటి వలయం గల చార్టును లాండోల్ట్ అనే వైద్యుడు 1888లో ప్రవేశపెట్టాడు. తెగిన చోటు ఎటున్నదో చెప్పాలి. కుడి ఎడమలు తెలియని పసివారికి ఆపిల్, ఇల్లు, చతురస్రం, వలయం బొమ్మల చార్టు తగినది. ఫిన్లాండ్ వైద్యురాలు లేయా హువారినెన్ దీనిని రూపొందించారు. బిడ్డ పేరు చెప్పనవసరం లేదు, చేతిలోని అట్టపై అదే బొమ్మను తాకితే చాలు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. సోమరి కన్ను గల బిడ్డ ఒంటరిగా చూపిన గుర్తును తేలికగా పోల్చుకొని, అదే గుర్తు వరుసలో ఇతర గుర్తుల మధ్య ఉంటే తడబడుతుంది. ఒక్కొక్క గుర్తే చూపి “బాగుంది” అని పంపివేస్తే జబ్బు దాగిపోతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే ఇది చికిత్సకు బాగా లొంగుతుంది. ఆలస్యమైతే కన్ను పైకి చక్కగా కనబడుతూనే చూపు లేక మిగిలిపోవచ్చు.

చార్టు చెప్పలేనివి

6/6 వచ్చినంత మాత్రాన కన్ను నిర్దోషమని కాదు. నీటికాసుల జబ్బులో ప్రక్క చూపు ముందు పోతుంది, ఎదుటి చూపు చాలాకాలం నిలుస్తుంది. చార్టు ఎదుటి చూపునే కొలుస్తుంది. అట్లే నలభై దాటినవారి చత్వారం దూరపు చార్టులో తెలియదు. దానికి చేతిలో పట్టుకొని చదివే అట్ట వేరుగా ఉంది.

ఈ అంకెల మీద హక్కులు కూడా ఆధారపడి ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, తగిన అద్దాలు పెట్టిన తరువాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటె తక్కువైతే అంధత్వంగా లెక్కిస్తారు. ఒక వరుస తేడా ఒక కుటుంబానికి చిన్న సంగతి కాదు.

మనం చేయదగినవి

1. ఒక్కొక్క కంటిని విడిగా పరీక్షించమని అడగండి. పిల్లల కంటిని వ్రేళ్లతో కాక అరచేతితో, నొక్కకుండా మూయండి. వ్రేళ్ల సందులలో నుండి వారు చూస్తారు.

2. ముందువారు చదివినది విని అప్పగించవద్దు. కళ్లు చికిలించవద్దు. తెలియకపోతే తెలియదని చెప్పండి.

3. అద్దాలు ఉంటే వెంట తీసుకొని వెళ్లండి. అద్దాలతోను, అద్దాలు లేకుండాను ఎంతో వ్రాయించుకోండి.

4. చీటీని భద్రపరచండి. మరుసటిసారి అదే రకం చార్టుతో, అదే దూరం నుండి చూసినప్పుడే రెండు అంకెలను సరిగా పోల్చగలం.

5. మధుమేహం గలవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవారు చార్టుతో సరిపెట్టుకోక కంటి లోపలి పరీక్ష కూడా చేయించుకోవాలి.

మీ ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో “చదువు రాదు” అని శిబిరానికి రానంటే, చేయి చూపి చెప్పే చార్టు కూడా ఉన్నదని చెప్పి వెంటబెట్టుకొని వెళ్లండి. ఆ ఒక్క మాటతో వారి సిగ్గు తీరవచ్చు, చూపు కూడా నిలవవచ్చు.