నేల కింద నీటి జాడ

మన ఊళ్ళలో ఇల్లు కట్టాలంటే పునాదులు తీసి, గోడలు లేపి, నడుమ మట్టి నింపి, దిమ్మిసతో కొట్టి, ఆపైన గచ్చు చేస్తారు. గచ్చుకూ మట్టికీ మధ్య ఖాళీ ఉండదు. అమెరికాలో చాలా ఇళ్ళ తీరు వేరు. అక్కడ చుట్టూ కొద్ది ఎత్తు గోడ లేపి, దానిపై కొయ్యదూలాలు వేసి, దూలాల మీద చెక్కలు పరచి నేల చేస్తారు. ఆ చెక్కలకూ అడుగున ఉన్న మట్టికీ మధ్య కొంత ఖాళీ మిగులుతుంది. అందులో మనిషి నిలబడలేడు, పాకుతూ పోవలసిందే. అందుకే దానికి 'క్రాల్ స్పేస్', అంటే పాకే చోటు అని పేరు. మట్టికీ దూలాలకూ నడుమ కనీసం 18 అంగుళాల ఎడం ఉండాలని అక్కడి నిర్మాణ నియమాలు చెబుతాయి. మీ స్కేలు ఒకటిన్నర సార్లు పెట్టి చూడండి, ఎంత ఇరుకో తెలుస్తుంది!

మంచినీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ఈ చీకటి ఖాళీలోనే సాగుతాయి. అక్కడ గొట్టం కారితే పైన కాపురమున్న వారికి ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. ఈలోగా దూలాలు తడుస్తాయి. కొయ్య ఎండు బరువులో తేమ నూటికి 20 పాళ్ళు దాటనంతవరకు దానికి భయం లేదు. 28, 30 పాళ్ళకు చేరిందా, శిలీంధ్రాలు కొయ్యను తినడం మొదలుపెడతాయి. చివరికొకనాడు స్నానాల గది నేల కాలి కింద మెత్తగా దిగుతుంది. అందుకే అక్కడ ఇల్లు కొనేవారు ముందుగా తనిఖీదారును పిలిపిస్తారు. ఇల్లు కొనే మన తెలుగువాళ్ళూ అంతే. ఇంటికి వైద్యుని వంటివాడు ఈ తనిఖీదారు.

ఆయన వెంటనే కిందికి దూరడు. ముందు ఇంట్లోని కుళాయిలన్నీ తిప్పుతాడు, తొట్టి నింపి వదులుతాడు, మరుగుదొడ్డిలో నీళ్ళు వదులుతాడు. ఎందుకు? మంచినీటి గొట్టంలో నీరు ఎప్పుడూ పీడనంతో ఉంటుంది, కనుక చిల్లు పడితే రాత్రీపగలూ కారుతుంది. మురుగు గొట్టంలో ఎవరైనా నీళ్ళు పోసినప్పుడే నీరుంటుంది. ఊరకే వెళ్ళి చూస్తే అది పొడిగా, బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది! నీళ్ళు వదిలాక చూస్తేనే దాని గుట్టు బయటపడుతుంది.

ఇక లోపలికి పోయేముందు కూడా తొందరపడడు. తలుపు తీసి టార్చి వేసి చూస్తాడు. నీరు నిలిచిన చోట తెగిన కరెంటు తీగ ఉంటే ప్రాణాపాయం. మురుగు నిలిచినా ప్రవేశించడు. అంతా సరిగా ఉంటేనే ఒంటి నిండా తొడుగు, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని పాకుతాడు. ఇలాంటి చోట్లకు పిల్లలు పోరాదని వేరే చెప్పాలా?

లోపల మట్టి మీద సాధారణంగా పాలిథీన్ పట్టా పరచి ఉంటుంది. నేలలోని తేమ ఆవిరై పైకి రాకుండా ఆపడానికి అది. తనిఖీదారుకు అది మరో విధంగానూ ఉపకరిస్తుంది. పట్టా మీద నీళ్ళు నిలిచి ఉంటే అవి చాలావరకు పైనుంచి పడినవి. పట్టా ఎత్తి చూస్తే అడుగున నీళ్ళుంటే అవి భూమిలోనుంచి, లేదా వాన కాలువ కట్టి వచ్చినవి. ఒక్క పట్టా సగం జవాబు చెప్పేస్తుంది.

అసలు చిక్కు మరొకటుంది. తడిసిన గొట్టమల్లా కారే గొట్టం కాదు. వేసవిలో చల్లని నీళ్ళు పోసిన గ్లాసు పైభాగాన బొట్లు పేరుకోవడం మీరు చూసే ఉంటారు. గ్లాసు కారిందా? లేదు, గాలిలోని నీటి ఆవిరి చల్లని గాజును తాకి సాంద్రీకరణం చెందింది. చన్నీటి గొట్టానికీ అంతే. మరి తేడా ఎలా పట్టాలి? సాంద్రీకరణ బొట్లు గొట్టం పొడుగునా ఒకేలా ఉంటాయి. కారే చోట నీరు ఒక చోటి నుంచి మొదలవుతుంది. పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఆగి చూస్తే ఏది ముందు తడుస్తుందో తెలుస్తుంది. ఇక వేడినీటి గొట్టం తడిగా ఉంటే ఆలోచనే అక్కరలేదు. వెచ్చని దానిపై మంచు పట్టదు కదా! పైనుంచి నీరు పడకపోతే ఆ గొట్టానికే చిల్లు.

బొట్టు పడిన చోటే చిల్లు ఉందనుకోవడం పొరపాటు. నీరు గొట్టాన్ని అంటిపెట్టుకుని దాని అడుగునే జారి, వంపు తిరిగిన చోట రాలుతుంది. అందుచేత బొట్టు నుంచి వాలుకు ఎదురుగా, పైకి వెతుక్కుంటూ పోవాలి. దారిలో రంగులు కూడా సాక్ష్యం చెబుతాయి. రాగి గొట్టం అతుకు దగ్గర పచ్చని పొర ఉంటే అక్కడ చాలాకాలంగా నీరు చెమ్మగిలుతున్నదని అనుమానించాలి. ఇనుప గొట్టానికి తుప్పు చార, తెల్లని సున్నపు పెచ్చు కూడా అటువంటివే. రాగినీ ఇనుమునూ నేరుగా కలిపిన అతుకును తప్పక చూస్తారు. రెండు లోహాలూ నీరూ కలిస్తే చిన్న ఘటం తయారై, ఇనుము త్వరగా తినుకుపోతుంది. మీరు ప్రయోగశాలలో చూసిన ఘటమే ఇది!

దూలం లోపలి తేమను కంటితో చూడలేం. దానికి రెండు సూదులున్న చిన్న పరికరం ఉంది. ఎండుకొయ్య విద్యుత్తును పోనివ్వదు. తడి పెరిగేకొద్దీ నిరోధం వేగంగా పడిపోతుంది. సూదులను కొయ్యలో గుచ్చి, ఆ నిరోధాన్ని బట్టి తేమ ఎంతో ముల్లు చూపిస్తుంది.

చిన్న చిల్లు ఏం చేస్తుందిలే అనుకుంటారా? లెక్క వేద్దాం. అమెరికా ఇళ్ళ గొట్టాల్లో పీడనం చదరపు అంగుళానికి 60 పౌన్లు ఉండడం మామూలే. అది 42 మీటర్ల ఎత్తు నీటి స్తంభానికి సమానం. ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లీ 1644లో ప్రకటించిన సూత్రం ప్రకారం, చిల్లు నుంచి నీరు చిమ్మే వేగం అంత ఎత్తునుంచి పడిన రాయి వేగంతో సమానం. అంటే సెకనుకు 28 మీటర్ల పైమాటే! చిల్లు వ్యాసం ఒక మిల్లీమీటరే అనుకుందాం. నీటి ధార చిల్లు కంటే సన్నబడుతుంది కనుక ఆ మేరకు తగ్గించినా, రోజుకు సుమారు 1200 లీటర్లు పోతుంది. మన మేడ మీది తొట్టి పది మీటర్ల ఎత్తున ఉంటే, అదే చిల్లు నుంచి రోజుకు 600 లీటర్లకు దగ్గరగా పోతుంది. ఎత్తు నాలుగో వంతుకు తగ్గినా నీరు సగానికే తగ్గిందేమని మీకు సందేహం రావచ్చు. వేగం ఎత్తుకు కాక, ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది మరి.

మన ఇళ్ళకు పాకే చోటు లేదు, కానీ గచ్చు కింద, గోడలో గొట్టాలున్నాయి. పగలగొట్టకుండా పరీక్షించడం మీరూ చేయవచ్చు. రాత్రి అందరూ పడుకోబోయేముందు మేడ మీది తొట్టికి నీరెక్కే గొట్టం మూసి, కుళాయిలన్నీ కట్టేయమనండి. పెద్దలను వెంటబెట్టుకుని పైకెక్కి, ఒక కర్రను అడుగు దాకా దించి తడిసిన మేరకు గీత గీయండి. తెల్లారి ఎవరూ నీళ్ళు వాడకముందే మళ్ళీ కొలవండి. తొట్టి మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఉంటే, సెంటీమీటరు తగ్గినా పది లీటర్లు పోయినట్టే. మరునాడు రాత్రి తొట్టి నుంచి కిందికి దిగే గొట్టం గేట్‌వాల్వు కూడా మూసి ఇదే చేయండి. వాల్వు మూసినా నీరు తగ్గితే తప్పు తొట్టిది, తగ్గకపోతే గొట్టాలది. గొట్టాలదైతే ముందుగా మరుగుదొడ్డి ఫ్లష్ తొట్టిని చూడండి. అందులో కాస్త రంగు కలిపి అరగంట ఆగితే, ఎవరూ తొక్కకుండానే కింది గిన్నెలోకి రంగు దిగుతుందేమో తెలుస్తుంది.

వీధి గొట్టానికి చిల్లు పడితే మాత్రం నష్టం నీటితో ఆగదు. మన పట్టణాలలో చాలాచోట్ల కుళాయిలకు నీరు కొద్ది గంటలే వదులుతారు. వదిలినంతసేపూ చిల్లులోంచి నీరు బయటికి పోతుంది. ఆపగానే గొట్టంలో పీడనం పడిపోతుంది. అప్పుడు పక్కనే మురుగు కాలువ పొంగి ఉంటే ఆ నీరు అదే చిల్లులోంచి లోపలికి చేరుతుంది. మర్నాడు మొదట వచ్చే నీటితో అది మన బిందెలోకి వస్తుంది. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు వీధి వీధంతా ఒక్కసారే వ్యాపించడానికి ఇదొక దారి. అందుకనే నీరు వదిలిన మొదట్లో రంగు మారి, వాసన వేస్తే ఆ నీటిని పట్టకుండా వెంటనే పురపాలక సంఘానికి తెలపాలి. ఏ ఇంటి నుంచి ఏ ఇంటి వరకు అలా వస్తున్నదో కనుక్కుని చెబితే, వీధి పొడుగునా తవ్వనవసరం లేకుండా చిల్లు ఉన్న ముక్కను వారు త్వరగా పట్టుకోగలుగుతారు.