ఆల్ప్స్ కొండలలో మందగమనము

విదేశయాత్ర యనగానే పదిదినములలో ఆరు నగరములను ముట్టివచ్చు ప్యాకేజీలనే తలపోయు మనవారిలో, ఏ గుంపునకును, గైడు చేతి జెండాకును లోబడక, ఆలుమగలిరువురే బయలుదేరి, రైలు కిటికీ ప్రక్కన ఎదురెదురుగా కూర్చుండి దేశమును చూడగోరువారు కొందరు లేకపోలేదు. అట్టివారికి స్విట్జర్లాండును మించిన చోటు లేదని నా అభిప్రాయము. సెర్మాట్ నుండి సెయింట్ మోరిట్జ్ వఱకు 1930 నుండి నడచుచున్న గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, పేరునకు ఎక్స్‌ప్రెస్సే గాని, 291 కిలోమీటర్లు పోవుటకు సుమారు ఎనిమిది గంటలు తీసికొనును. ఆ ఆలస్యమునే చాటుకొని టికెట్లమ్ముట వారికే చెల్లినది.

అయినను నన్నడిగినచో, మొదట ఎక్కవలసినది ఆల్బులా–బెర్నినా మార్గమందలి బండి. 2008లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వముగ గుర్తించినది. మన కాల్కా–సిమ్లా మార్గమునకు ఆ గౌరవము దక్కినదియు ఆ యేడే. విశాఖ నుండి కిరండోల్ బండిలో అరకు పోయినవారికి సొరంగములు క్రొత్త గావు గాని, సెయింట్ మోరిట్జ్ వైపునుండి వచ్చునపుడు ఫిలిజూర్ స్టేషను దాటిన పిమ్మట కొండగోడను తొలిచిన సొరంగము ముగియుటయే తడవుగా, రైలు 65 మీటర్ల ఎత్తున ఆరు కమానులపై వంపు తిరిగిన లాండ్‌వాసర్ రాతివంతెన మీదికి వచ్చును. వెనుక పెట్టెలవారికి చీకటి వీడునప్పటికి ముందరి యెఱ్ఱపెట్టెలు వంతెన అంచున ఒరసికొని పోవుచు కానవచ్చును.

1910లో పూర్తియైన బెర్నినా శాఖ పళ్ళపట్టా సాయము లేకయే 2,253 మీటర్ల ఎత్తునకు ఎక్కును. అచట ప్రక్కప్రక్కనే యున్న రెండు సరస్సులలో ఒకదాని నీరు డాన్యూబు ద్వారా నల్లసముద్రమునకును, రెండవదాని నీరు పో నది ద్వారా ఏడ్రియాటిక్కునకును పోవును. ఆవల దిగుడే. వాలు వెయ్యి మీటర్లకు 70 మీటర్లు మించకుండ బ్రూసియో కడ పట్టాలను గుండ్రముగ చుట్టి, రైలును తన వంతెన క్రిందుగనే దూరి పోవునట్లు చేసిరి.

ఇక ఏర్పాటు సంగతి. షెంగెన్ వీసాకు ఆరు మాసముల ముందే దరఖాస్తు చేయవచ్చును. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా వలయును. స్విస్ ట్రావెల్ పాసు 3, 4, 6, 8, 15 దినములకు దొరకును. పెద్దయద్దముల బెర్నినా ఎక్స్‌ప్రెస్సునకు పాసున్నను సీటు రుసుము వేరుగ చెల్లించవలెను. అదే పట్టాలపై నడచు సాధారణపు బండికి రిజర్వేషను అక్కఱలేదు, నచ్చిన స్టేషనులో దిగి మఱుబండి ఎక్కవచ్చును. దంపతులకు ఇదియే మేలు.

అసలు చిక్కు ఊళ్ళ పట్టిక వద్ద వచ్చును. భర్తగారు టైంటేబులు ముందు వేసికొని లూసర్న్, ఇంటర్లాకెన్, జెనీవా అని చేర్చుకొనుచు పోవుచుండగా, "ఏమండీ, మీరు ఊరు కలిపినప్పుడల్లా పెట్టె సర్దేది నేనే కదా!" అను మాట లోపలి గదినుండి వినవచ్చును. ఆమె మాటయే సబబు. రెండు ఊళ్ళలో మకాము, ఒక్కొక్కచోట నాలుగేసి రాత్రులు. తక్కినవి ప్రొద్దున పోయి సాయంకాలమునకు మరలుటకు చాలును.

సెయింట్ మోరిట్జ్ మకామైనచో ఒకనాడు సరిహద్దు దాటి ఇటలీలోని తిరానోకు పోవలెను. అచట రైలు కార్ల నడుమ, వీథిలోనే, చర్చి ముంగిట మెల్లగ సాగును. శాకాహారులు పిజ్జోక్కెరి అడుగవచ్చును: క్యాబేజీ, బంగాళాదుంప, జున్ను కలిపి వండు, మాంసము లేని పాస్తా అది. భోజనము తొందరపడి ముగింపనక్కఱలేదు. తిరుగు బండి ఇంచుమించు గంటకొకటి కలదు.