మీకు తెలుసా? తుక్కు సామానుతో బెల్ట్ గ్రైండర్!

1959 ఫిబ్రవరి 4న ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయ్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లకు కొదవలేని ఇలాంటి ఊళ్లో పాత మోటారు, నాలుగు బేరింగులు దొరికితే చాలు, కత్తులు సాన పట్టే బెల్ట్ గ్రైండర్ ఇంటి పెరట్లోనే తయారవుతుంది. కాకపోతే తుక్కు సామానును చదవడం తెలియాలి.

1. బేరింగు నంబరులోనే కొలత ఉంటుంది. చివరి రెండంకెలు 04 గానీ, అంతకు మించి గానీ ఉంటే 5తో గుణించండి. 6204 అయితే లోపలి రంధ్రం 20 మి.మీ., 6205 అయితే 25. పాత మోటార్లలో తరచూ కనిపించే 6203 మాత్రం ఈ లెక్కకు లొంగదు. దాని రంధ్రం 17 మి.మీ. షాఫ్టును లేత్‌కి ఇచ్చే ముందే గ్రీజు తుడిచి నంబరు చూసుకోవాలి.

2. పిండి రుబ్బే మోటారు ఇక్కడ చాలదు. టేబుల్ టాప్ వెట్ గ్రైండర్ మోటారు సుమారు 150 వాట్లు. రెండంగుళాల ఎమరీ బెల్టు మీద ఇనుము ఒత్తిపట్టాలంటే కనీసం ఒక హార్స్‌పవర్, అంటే 746 వాట్లు ఉంటేనే పని సాగుతుంది.

3. బెల్టు వేగం ఒక్క పుల్లీ చేతిలోనే ఉంటుంది. మోటారు 1440 ఆర్‌పీఎం, దానికి బిగించిన పుల్లీ 100 మి.మీ. అయితే బెల్టు సెకనుకు 7.5 మీటర్లు పరుగెడుతుంది. పుల్లీ 150 మి.మీ. అయితే 11 మీటర్లు దాటుతుంది. మిగతా చక్రాల సైజు మార్చినా బెల్టు వేగం మారదు.

4. బెల్టు ఎత్తుకే ఎక్కుతుంది. పుల్లీ మధ్యలో ఉబ్బుంటే బెల్టు జారిపోతుందనిపిస్తుంది. జరిగేది అందుకు విరుద్ధం. బెల్టు ఎప్పుడూ వ్యాసం ఎక్కువున్న వైపుకే జరుగుతుంది. అందుకే టర్నర్ పుల్లీని రెండు అంచుల్లోనూ కాస్త తగ్గించి, మధ్యలో చిన్న పొట్ట వదులుతాడు.

5. నిప్పురవ్వలు ఉక్కు జాతకం చెబుతాయి. మెత్తని ఇనుప కడ్డీని ఆనిస్తే రవ్వలు పొడుగ్గా, గీతల్లా వస్తాయి. కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం ఉండే రైలు పట్టా ఉక్కును ఆనిస్తే రవ్వ చివర పగిలి చిన్న చిన్న కొమ్మలుగా చీలుతుంది. కత్తికి పనికొచ్చేది ఈ రెండో రకం.

6. అలాగని పట్టా ముక్క ఎక్కడ పడితే అక్కడ కొనకండి. దొంగిలించిన రైల్వే సామాను దగ్గరుంటే 1966 నాటి చట్టం కింద కేసవుతుంది. పాత లారీ కమాను పట్టీ కొంటే ఆ బెడద లేదు.

7. కత్తి అంచు నీలం తిరిగితే పదును నిలవదు. ఉక్కు సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితే ఆ రంగు వస్తుంది, గట్టిదనం తగ్గుతుంది. రెండుసార్లు ఆనించగానే నీళ్లలో ముంచడం అందుకే.

8. అల్యూమినియం, ఇనుము ఒకే గ్రైండర్‌పై అరగదీయడం ప్రమాదం. అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిస్తే థర్మిట్. అంటుకుంటే 2000 డిగ్రీలు దాటే ఆ మంటతోనే రైల్వేవాళ్లు పట్టాలను అతుకుతారు. ఇంటి గ్రైండర్ కింద తుప్పు పొడి, అల్యూమినియం పొడి పేరుకుంటే ఒక్క రవ్వ చాలు. లోహం మార్చిన ప్రతిసారీ పొడి మొత్తం ఎత్తేయండి.