అందరి చేతికీ బంతి: వ్యాయామ విద్యలో కొత్త క్రీడలు

(ప్రత్యేక వ్యాసం)

విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధిలో వ్యాయామ విద్యకు గల ప్రాధాన్యం విదితమే. 5 నుంచి 17 సంవత్సరాల వయస్సు గల బాలబాలికలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. ప్రతి పాఠశాలకు ఆటస్థలం, క్రీడాసామగ్రి ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. అయితే ఆటస్థలం ఉన్నంత మాత్రాన ప్రతి విద్యార్థీ ఆడుతున్నట్లు భావించరాదు.

40 మంది ఉన్న తరగతికి ఒకే వాలీబాల్ కోర్టు ఉంటే ఒక్కసారికి 12 మంది మాత్రమే ఆడగలరు. మిగిలిన 28 మంది ప్రేక్షకులుగా మిగులుతారు. క్రీడా నైపుణ్యం తక్కువగా ఉన్నవారు, సంకోచించే బాలికలు తరచుగా ఈ వరుసలోనే ఉండిపోతారు. వ్యాయామం అధికంగా అవసరమైన వారికే అవకాశం దక్కకపోవడం ఆలోచించదగిన విషయం. ఈ లోపాన్ని నియమాల ద్వారానే సరిదిద్దే బంతి ఆటలు కొన్ని ఉన్నాయి.

కార్ఫ్‌బాల్: ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఉపాధ్యాయుడు నికో బ్రూఖాయ్‌సెన్ 1902లో ఈ ఆటను రూపొందించారు. ప్రతి జట్టులో నలుగురు బాలురు, నలుగురు బాలికలు ఉంటారు. 3.5 మీటర్ల ఎత్తున ఉన్న బుట్టలో బంతి వేయాలి. బంతితో పరుగెత్తరాదు కనుక సహచరులకు అందించడం అనివార్యమవుతుంది.

చూక్‌బాల్: క్రీడల్లో సంభవించే గాయాలను అధ్యయనం చేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హెర్మన్ బ్రాండ్ దీనిని రూపొందించారు. ఏటవాలుగా నిలిపిన వల చట్రానికి బంతిని విసురుతారు. తిరిగివచ్చిన బంతి నేలను తాకేలోగా ఎదుటి జట్టు పట్టుకోవాలి. ప్రత్యర్థిని అడ్డగించడం నిషిద్ధం.

కిన్‌బాల్: కెనడాలోని క్యుబెక్‌కు చెందిన వ్యాయామ ఉపాధ్యాయుడు మారియో డెమెర్స్ 1986లో దీనికి శ్రీకారం చుట్టారు. 1.22 మీటర్ల వ్యాసం గల తేలికపాటి బంతితో, నలుగురేసి సభ్యులుగల మూడు జట్లు ఏకకాలంలో తలపడతాయి. ఒకరు బంతిని కొట్టే వేళ మిగిలిన ముగ్గురూ దానిని తాకి ఉండాలి.

వీటికి ఖరీదైన సామగ్రి తప్పనిసరి కాదు. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను ప్రారంభించినది పండ్ల బుట్టలతోనే. వెదురు కర్రకు కట్టిన గంపతో కార్ఫ్‌బాల్‌ను మన పాఠశాలల్లోనూ సాధన చేయించవచ్చు. స్థలం ఉన్నచోట రెండు కోర్టులు గీస్తే 32 మంది ఆడగా, మిగిలిన 8 మందికి అంపైర్లు, స్కోరర్ల బాధ్యతలు అప్పగించి వంతులవారీగా మార్చవచ్చు. కబడ్డీ, ఖో-ఖో వంటి దేశీయ క్రీడలకు ఇవి ప్రత్యామ్నాయం కావు, అనుబంధం మాత్రమే. తంజావూరులో పుట్టిన బాల్ బ్యాడ్మింటన్ తెలుగు పల్లెల్లో స్థిరపడిన తీరు ఇందుకు ఉదాహరణ.

పాఠశాలలను సందర్శించే అధికారులు గెలిచిన బహుమతులతో పాటు, పీరియడ్ ముగిసేలోగా ఎంతమంది విద్యార్థులు బంతిని తాకారన్నదీ పరిశీలించడం సముచితం. వ్యాయామ విద్య సాఫల్యానికి అదే సరైన కొలమానం.