గుర్రం బొమ్మ లేని కారు

ఇటలీలోని మారనెల్లో పేరు వింటే ఫెరారీయే గుర్తొస్తుంది. ఆ ఊరి నుంచే 1968లో వచ్చిన ఒక కారుకు మాత్రం ఫెరారీ గుర్రం బొమ్మ పెట్టలేదు. పసుపు పలక మీద నీలి అక్షరాలతో ‘డీనో’ అని రాసి ఊరుకున్నారు.

డీనో, కంపెనీ స్థాపకుడు ఎన్జో ఫెరారీ కొడుకు. కండరాలు క్షీణించే జబ్బుతో 1956లో, 24 ఏళ్లకే చనిపోయాడు. మంచం పట్టిన రోజుల్లో కూడా తండ్రితో, ఇంజనీరు విత్తోరియో యానోతో ఒక చిన్న రేసు ఇంజన్ గురించే మాట్లాడేవాడు. ఆరు సిలిండర్ల వీ6 ఆలోచన ఆ మాటల్లోనే ఖాయమైందని ఎన్జో చెప్పేవాడు. యానో దాన్ని పూర్తిచేసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వీ6లో సిలిండర్ల వరుసల మధ్య 60 డిగ్రీల కోణం ఉంటే పేలుళ్లు సమాన వ్యవధిలో జరుగుతాయి. గాలి, ఇంధనం వెళ్లే గొట్టాలకు చోటు చాలదని యానో దాన్ని 65 చేశాడు. ఆ తేడాను క్రాంక్‌షాఫ్ట్ పిన్నులు కాస్త పక్కకు జరిపి సరిదిద్దాడు. 1958లో మైక్ హాథార్న్ వీ6 డీనోతోనే ఫార్ములా వన్ చాంపియన్ అయ్యాడు.

రేసుల ఇంజన్ రోడ్డెక్కడానికి కారణం ఒక నిబంధన. 1967 నుంచి ఫార్ములా టూలో వాడే ఇంజన్‌కు మూలం కనీసం 500 తయారైన రోడ్డు కారులో ఉండాలన్నారు. ఒక్క రకం అన్నేసి చేయడం ఫెరారీ తరం కాదు. అందుకే ఫియట్‌తో ఒప్పందం కుదిరింది. ఇంజన్లు ఫియట్ తయారుచేస్తుంది. కొన్ని తన కార్లలో పెట్టుకుని, కొన్ని మారనెల్లోకు పంపుతుంది.

వీ12 ఫెరారీ కంటే బాగా తక్కువ ధరకు వచ్చే కారుకు వేరే పేరు పెట్టడం పాత ఖాతాదారుల కోసం వేసిన కంచె అంటారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ కంచె లోపల దొరికిన స్వేచ్ఛే ముఖ్యంగా కనిపిస్తుంది. బలమైన ఇంజన్‌ను వెనక పెట్టి మామూలు డ్రైవర్ చేతికివ్వడానికి ఎన్జో జంకేవాడు. చిన్న డీనోలో ఒప్పుకున్నాడు. సీట్ల వెనక ఇంజన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్సును దాని కిందకు, వెనక్కి సర్దారు. పొడవు కలిసొచ్చి డిక్కీ కూడా మిగిలింది.

తొలి డీనో అయిన 206 జీటీ అల్యూమినియం బాడీతో సుమారు 150 మాత్రమే వచ్చాయి. 1969 నాటి 246లో బాడీని ఉక్కుతో, ఇంజన్ బ్లాకును పోత ఇనుముతో చేశారు. బరువు పెరిగినా 2.4 లీటర్ల ఇంజన్ 195 హార్స్‌పవర్ ఇచ్చింది. 1974 వరకు 3,500కు పైగా తయారయ్యాయి. దీన్ని రాజీ అనడం అన్యాయం. పినిన్‌ఫరీనా గీసిన ఆ ఒంపుల్లో ఒక్కటీ తగ్గలేదు.

ఖరీదైన 12 సిలిండర్ల కారులో ఇంజన్ సీట్ల వెనక్కి చేరింది 1973లో, 365 జీటీ4 బీబీతో. చిన్న కారు ఆ దారిలో అప్పటికే ఐదేళ్లు నడిచింది.