యుద్ధనిధికి చెల్లిన టిక్కెట్లు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక కుటుంబాల సహాయార్థం అమెరికాలో ఆడిన బేస్‌బాల్ పోటీల తాలూకు టిక్కెట్ ముక్కలు, కార్యక్రమ పుస్తికలు, స్కోరు పత్రాలు, బ్యాడ్జీలు నేడు సేకర్తలు ఆసక్తితో వెతికే వస్తువులయ్యాయి. వీటికి ధర కట్టేది వేలంపాటే అయినా, అసలు విలువ మరోచోట ఉంది. ప్రభుత్వ దస్త్రాల్లో యుద్ధనిధి మొత్తాలు మాత్రమే మిగులుతాయి. ఆ మొత్తంలో ఒక్కొక్క సామాన్యుడి వంతు ఎంతో చూపగలిగేవి ఇలాంటి చిన్న కాగితాలే.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి చేయడంతో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆ పరిస్థితిలో ఆటలు సాగాలా, ఆగాలా అన్న సందేహం తలెత్తగా, 1942 జనవరి 15న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బేస్‌బాల్ కమిషనర్ లాండిస్‌కు లేఖ రాసి, ప్రజల మనోధైర్యం కోసం ఆట సాగడమే మేలని అభిప్రాయపడ్డారు. అనుమతి లభించింది గనుక ఆట తన వంతు బాధ్యతను కూడా తలకెత్తుకుంది. ఆ ఏడాది పెద్ద లీగుల్లోని 16 జట్లూ తమ మైదానంలో ఒక్కొక్క పోటీ రాబడిని సైన్య, నౌకాదళ సహాయ సంఘాలకు ఇచ్చాయి. మే 8న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో డాడ్జర్స్, జెయింట్స్ జట్ల మధ్య నౌకాదళ సహాయార్థం జరిగిన ఆట వీటిలో మొదటిది. మైదానంలో దాదాపు 34 వేల మందికే చోటున్నా 42 వేలకు పైగా టిక్కెట్లు అమ్ముడుపోయాయి. ఆడేవారూ టిక్కెట్టు కొనే లోపలికి వచ్చారు.

అదే ఏడాది జూలై 7న క్లీవ్‌లాండ్‌లో అమెరికన్ లీగ్ మేటి జట్టు, సైన్యంలో చేరిన క్రీడాకారుల జట్టుతో తలపడింది. ఆగస్టు 23న యాంకీ స్టేడియంలో, రెండు ఆటల నడుమ విరామంలో, అప్పటికే ఆట విరమించిన 47 ఏళ్ల బేబ్ రూత్ బ్యాటు పట్టగా 54 ఏళ్ల వాల్టర్ జాన్సన్ బంతులు విసిరారు. ఆ దృశ్యం చూడటానికి 69 వేల మందికి పైగా జనం వచ్చారు. ఇలాంటి ప్రదర్శనలు లీగ్ పట్టికలో లెక్కకు రాకపోయినా, వాటి జ్ఞాపికలకు నేటికీ గిరాకీ ఉండటానికి ఈ అపూర్వ కలయికలే కారణం.

ఇక్కడ రెండు రకాల నిధులను వేరు చేసి చూడాలి. సహాయనిధికి ఇచ్చినది విరాళం, అది తిరిగి రాదు. యుద్ధ బాండు మాత్రం ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు, 18.75 డాలర్లు పెట్టి కొన్న బాండుకు పదేళ్ల తర్వాత 25 డాలర్లు వచ్చేవి. అంత సొమ్ము ఒక్కసారి పెట్టలేనివారు 10, 25 సెంట్ల యుద్ధ స్టాంపులను ఒక్కొక్కటిగా కొని పుస్తకంలో అంటించుకుని, నిండిన పుస్తకాన్ని బాండుగా మార్చుకునేవారు. 1944 జూన్ 26న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో డాడ్జర్స్, యాంకీస్, జెయింట్స్ జట్లు మూడూ ఒకే ఆటలో తలపడిన వింత పోటీకి ప్రవేశం బాండు కొన్నవారికి దక్కింది. విరాళానికీ అప్పుకూ ఉన్న ఈ తేడా హైదరాబాదు చరిత్రలోనూ కనిపిస్తుంది: 1965లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 425 కిలోల బంగారాన్ని దేశానికి దానం చేశారని జనంలో గట్టి ప్రచారం ఉన్నా, ఆయన దాన్ని 6.5 శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బంగారు పథకంలో మదుపు పెట్టారు.

సేకర్త చేతికి వచ్చే వస్తువును దగ్గరగా పరిశీలిస్తే ఆ కాలం అందులో కనిపిస్తుంది. టిక్కెట్టును ద్వారం దగ్గర చింపి, ఒక ముక్కను ప్రేక్షకుడికి తిరిగి ఇచ్చేవారు. వాన వల్ల ఆట ఆగిపోతే మరో రోజు రావడానికి ఆ ముక్కే హామీ కాబట్టి దాన్ని ‘రెయిన్ చెక్’ అనేవారు. అందుకే చిరిగిన అంచు ఉండటం లోపం కాదు, కొన్నవారు నిజంగా ఆటకు వెళ్లారనడానికి అది గుర్తు. స్కోరు పత్రంపై ఎవరో పెన్సిలుతో నింపిన గడులు ఉంటే కొందరు సేకర్తలు దాన్ని మచ్చగా భావిస్తారు గాని, చరిత్రకారుడికి ఖాళీ పత్రం కన్నా ఆ పత్రమే ఎక్కువ చెబుతుంది. 1942లో ఆటగాళ్ల దుస్తులపై కుట్టిన, ‘హెల్త్’ అనే అక్షరాలున్న డాలు ఆకారపు గుర్తు కూడా ఆనాటి ఛాయాచిత్రాల కాలాన్ని నిర్ణయించడానికి ఉపకరిస్తుంది.

గిరాకీ ఉన్నచోట నకిలీలు తప్పవు. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం యుద్ధానంతర కాలంలోనే వ్యాపించింది కనుక, 1942 నాటిదని చెప్పే టిక్కెట్టు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిస్తే అనుమానించాలి. అయితే ఏ పరీక్షకన్నా బలమైనది ఆ వస్తువు ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే ఆధారం. భద్రపరిచేటప్పుడు అంటుకునే టేపు, లామినేషన్, పీవీసీ కవర్లు కాగితానికి హాని చేస్తాయి. ఆమ్లం లేని కాగితం, పాలిస్టర్ కవరు, ఎండా తేమా సోకని చోటు ఉంటే చాలు.

తెలుగునేలకు ఈ సంప్రదాయం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన ధనంతో సమకూరిన విమానాల వల్ల బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. 1962లో చైనా యుద్ధ సమయంలో జాతీయ రక్షణ నిధి ఏర్పడింది. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా 1965 యుద్ధం వచ్చినప్పుడు, ఎన్టీ రామారావు వంటి నటులు జనం మధ్యకు వెళ్లి రక్షణ నిధికి విరాళాలు సేకరించారు. అప్పుడు ఇచ్చినవారిలో ప్రముఖుల పేర్లు చరిత్రకెక్కాయి. కూలి డబ్బులో కొంత, చేతి గాజుల్లో ఒకటి ఇచ్చిన వేలాది మంది పేర్లు రసీదులతో పాటే మరుగున పడుతున్నాయి.

హైదరాబాదులోని హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో పాత ఇళ్లు కూలి అపార్టుమెంట్లు లేస్తున్న కొద్దీ, ట్రంకు పెట్టెల్లోని కాగితాలు తూకానికి పోతున్నాయి. అమెరికన్ సేకర్తల నుంచి నేర్వవలసింది వాటికి వెల కట్టడం కాదు, పారేయకముందు ఒకసారి చదవడం. రక్షణ నిధి రసీదు, సహాయార్థ ప్రదర్శన టిక్కెట్టు, విరాళాల కరపత్రం దొరికితే, అది ఎవరిదో, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో వచ్చిందో విడిగా ఒక కాగితంపై రాసి దానితో పాటు ఉంచాలి. ఇంట్లో దాచే వీలు లేకపోతే తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారం వంటి సంస్థను సంప్రదించాలి. ఇంటి పెద్దలు ఉండగానే ఈ పని చేయాలి, ఎందుకంటే కాగితం మరికొన్నేళ్లు నిలవవచ్చు గాని దాని వివరం చెప్పగలిగేవారు అంతకాలం ఉండరు.